పదకొండో నంబరు కాటేజీ

హనీమూన్‌కి బయల్దేరబోయే పెళ్లాం మొగుడి జేబులు వెతకకూడదంటే నేనొప్పుకోను. నేను వెతికాను. జేబులే కాదు, సూట్‌కేసు లోపలి అరలు, పాత డైరీలు, ఆఖరికి షేవింగ్ డబ్బా కూడా వదల్లేదు. ఆయనకి నాకంటే ముందు ఒకావిడ ఉందేమోనన్న అనుమానం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఉంటే నాకు తెలియాలి. తెలియకుండా ఆ మనిషి పక్కన కూర్చుని విమానం ఎక్కడం నా వల్ల కాదు. ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

ఇదంతా గవర్నర్‌పేటలో, జాన్‌బాబు గారి ట్రావెల్స్ ఆఫీసులో మొదలైంది. 2003 మార్చి. మా పెళ్లై అప్పటికి నాలుగు నెలలు. నా పాస్‌పోర్టు అప్పుడే చేతికొచ్చింది. జాన్‌బాబు గారు టేబుల్ మీద నున్నటి రంగుల పుస్తకం పరిచారు. మాల్దీవుల్లో ఒక చిన్న దీవి. దీవి మొత్తానికి ఒకటే రిసార్టు, నీళ్ల మీద కట్టిన కాటేజీలు, గడప దాటితే సముద్రం. ఊరు లేదు, బజారు లేదు, మనల్ని ఎరిగిన మనిషి లేడు.

"ఇదిగోండి, పదకొండో నంబరు ఖాళీగా ఉంది. మంచి వ్యూ అండీ," అన్నారు జాన్‌బాబు గారు.

"పదకొండు వద్దండి. వెనకాలే జనరేటరు, రోజంతా మోత. ఏడు ఉందేమో చూడండి," అన్నాడు మా ఆయన.

పెళ్లిచూపుల్లో ఆయన స్వయంగా చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. మాల్దీవుల్లో నాలుగేళ్లు పనిచేశాడు, నిజమే. కానీ రాజధాని ఊళ్లో, రిసార్టు కంపెనీ ఆఫీసులో, అకౌంట్స్‌లో. దీవులన్నీ ఫోటోల్లో చూడటమే తప్ప కాలు పెట్టలేదన్నాడు. కాలు పెట్టని దీవిలో ఏ గది వెనక ఏం మోగుతుందో ఈయనకెలా తెలుసు?

నేనింకా నోరు తెరవకముందే రెండో అనుమానం వచ్చిపడింది. "ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట కనుక్కుంటారా? రిసెప్షన్‌లో ఒకావిడ ఉండేవారు, పొడుగ్గా, శ్రీలంక ఆవిడ. ఇంకా ఉన్నారేమో," అన్నాడు. అంటూ నా వైపు చూడలేదు. జాన్‌బాబు గారు కూడా నా వైపు చూడలేదు. ఇద్దరు మగాళ్లు ఒకేసారి ఆడదాని మొహం చూడకుండా తప్పించుకున్నారంటే ఏదో ఉన్నట్టే కదా!

బయటికొచ్చాక ఆటో ఎక్కుతూ అడిగాను. "జనరేటరు సంగతి మీకెవరు చెప్పారండీ?"

"ఎవరో ఆఫీసులో అనుకుంటుంటే విన్నాలే."

"ఆవిడ పొడుగని కూడా అనుకున్నారా ఆఫీసులో?"

"అబ్బా, మల్లీ! ఊరికే అడిగాను. ఎండగా ఉంది, చెరుకురసం తాగుతావా?" అన్నాడు.

చెరుకురసం తాగాను. ఆ రోజు నుంచి నా బుర్రలో ఆ శ్రీలంక ఆవిడ కాపురం పెట్టింది. పొడుగ్గా, జడలో పూలు పెట్టుకుని, ఏడో నంబరు కాటేజీ గడప మీద కాళ్లు నీళ్లలో ఆడిస్తూ కూర్చునేది. పక్కన మా ఆయన. నా ఖర్మ కాకపోతే, పాత చోటికే కొత్త పెళ్లాన్ని తీసుకెళ్తాడా ఎవడైనా?

నా బాధ ఎవరికి చెప్పుకోను? అత్తగారికా? మా అత్తగారు తిరుమలమ్మ గారు పటమట కాలనీ అంతా తిరిగి ఫారిన్ హనీమూన్ సంగతి చాటేసింది. ఆవిడకి కొడుకంటే ప్రాణం, నేనంటే ముక్కు మూసుకోవడం. మా రెండు కుటుంబాలదీ ఒక కులమే, బందరు దగ్గర సముద్రం మీద బతికినవాళ్లమే. కాకపోతే మామగారి వైపు వాళ్లు రెండు తరాల ముందే చదువుల్లోకి వెళ్లారు. మామగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మా అమ్మ గంగారత్నం ఇవాళ్టికీ గిలకలదిండి హార్బర్లో చేపల వేలంపాట పాడి, ఐసు పెట్టెల్లో బెజవాడకి లోడు పంపుతుంది. డిగ్రీ చదివానని నన్ను చేసుకున్నారు కానీ, పుట్టింటి నుంచి వచ్చిన ప్రతిసారీ నేను పెరటి గుమ్మంలోంచే రావాలి. అక్కడ కుళాయి కింద తలస్నానం చేసి, కట్టిన చీర బక్కెట్లో పడేసి, అప్పుడు లోపలికి వెళ్లాలి. "ఏమనుకోకమ్మా, నాకు ఆ వాసన పడదు," అంటుంది అత్తగారు. మా ఆయన అప్పుడు హాల్లో పేపరు చదువుతూ ఉంటాడు.

ఆ వారమంతా నిఘా పెట్టాను. ఆయనకి ఎవరూ ఉత్తరాలు రాయలేదు. డైరీల్లో ఏమీ లేదు. అదే నాకు మరీ అనుమానం. నాలుగేళ్లు అకౌంట్స్ రాసిన మనిషి దగ్గర ఆఫీసు ఫోటో ఒక్కటైనా ఉండదా? ఐడీ కార్డు ఉండదా? ఇంటికి ఒక క్యాలెండరైనా తెచ్చుకోడా? ఆ నాలుగేళ్లనీ ఎవరో తుడిచేసినట్టుంది. ఎవరు తుడిచారు? ఎందుకు తుడిచారు?

పైగా దీవి గురించి మాట్లాడేటప్పుడు ఆయన వేరే మనిషి అయ్యేవాడు. "పడవ దిగగానే రెండు దార్లుంటాయి మల్లీ. మనం కుడివైపు వెళ్లాలి. ఎడమవైపు వద్దు," అన్నాడోసారి అన్నం తింటూ.

"ఎడమవైపు ఏముంది?"

"ఏం లేదు."

"ఏం లేనప్పుడు వద్దనడం ఎందుకు?"

ఆయన పెరుగు కలుపుకుని గబగబా తిని లేచిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎడమవైపే ఆవిడ ఇల్లు ఉండుంటుందనుకున్నాను.

ఆదివారం ఇద్దరం గిలకలదిండి వెళ్లాం, ప్రయాణానికి ముందు అమ్మకోసారి కనపడదామని. టిక్కెట్లు మర్నాడే ఖాయం చేయాలి. అమ్మతో ఏకాంతంగా మాట్లాడి, ఏం చేయమంటావో చెప్పమని అడగాలని నా ప్లాను. కొత్త అల్లుడొచ్చాడని అమ్మ హార్బర్ నుంచి నిగనిగలాడే వంజరం చేప తెచ్చింది, మోచెయ్యంత పొడుగు. పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది. నేను పక్కన చేరి చెవిలో గొణిగాను. "అమ్మా, ఈయనకి అక్కడ ఎవరో ఉందేమోనే."

"ఎక్కడే?"

"ఆ దీవిలో."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ చూడటంలో చేప జారి బొటనవేలు తెగింది. రక్తం బొటబొటా కారింది. "అయ్యబాబోయ్!" అంటూ నేను అమ్మని లోపలికి తీసుకెళ్లి, పసుపు అద్ది, గుడ్డ చుట్టేసరికి పది నిమిషాలైంది. గాలికి వరండాలో కూర్చున్న అల్లుడు పెరట్లోకి ఎప్పుడొచ్చాడో మేం చూడలేదు.

తిరిగొచ్చి చూస్తే కత్తిపీట పక్కకి జరిపి ఉంది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, మా నాన్న పడవలో వాడే సన్నటి పొడుగు కత్తి తీసుకున్నాడు. పింగాణీ కప్పు బోర్లించి, దాని అడుగున కత్తిని ఇటూ అటూ నాలుగుసార్లు రాసి పదును పెట్టాడు. బల్ల మీద చేపని పడుకోబెట్టి, తోక దగ్గర కత్తి దించి, నడిముల్లు వెంబడి ఒక్క ఊపులో తల దాకా లాగాడు. ఒక పక్క మొత్తం పలకలా విడిపోయి వచ్చింది. తిప్పి రెండో పక్క తీశాడు. తోలు కింద కత్తి పెట్టి చర్రున లాగితే తోలు తోలుగా ఊడివచ్చింది. కన్ను మూసి తెరిచేంతలో ముల్లంటూ లేని రెండు పలకలు ఒక పక్కన, తలా ముల్లూ కలిసిన అస్థిపంజరం ఇంకో పక్కన.

ఆ ముల్లుని తీసి చెత్త బక్కెట్లో పడేశాడు. అలవాటు ప్రకారం.

"అయ్యో అయ్యో, అల్లుడుగారూ! తల పారేస్తారేంటండీ! ముల్లు లేకుండా పులుసేంటండీ, నా తల్లే!" అని అమ్మ కట్టు కట్టిన చేత్తోనే బక్కెట్లోకి వంగింది.

ఆయన అప్పుడు తలెత్తాడు. మమ్మల్ని చూశాడు. చేతిలో కత్తి చూసుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు. మా వీధిలో చేప కోయడం అందరికీ వచ్చు. మేం ముల్లుతో సహా అడ్డంగా చక్రాల్లా కోస్తాం. ఇలా పలకలు తీసి ముల్లు పారేయడం పెద్ద హోటళ్ల వంటిళ్లలో తప్ప ఎక్కడా లేదు. అకౌంట్స్ రాసే మనిషికి అసలే రాదు.

అమ్మ ఆ చేప తల కడగడానికి లోపలికి వెళ్లింది. నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఆ దీవిలో ఎన్నాళ్లున్నారు?"

"నాలుగేళ్లు."

"ఆఫీసు?"

"దిగిన రోజు ఒక్కసారి చూశాను. ఏజెంటు మోసం చేశాడు మల్లీ. అకౌంట్స్ ఉద్యోగమే లేదు. వెనక్కి రాలేక వంటింట్లో చేరాను. చేపలు కోసేవాణ్ణి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఎడమవైపు దారి మాది. కుడివైపు గెస్టులది, మేం అటు రాకూడదు. పదకొండో నంబరు వెనక, జనరేటరు పక్కనే మా షెడ్డు."

"రిసెప్షన్ ఆవిడ?"

ఆయన కత్తి కింద పెట్టాడు. "ఓసారి మా దారంతా వాననీళ్లు నిలిచాయి. చేపల ట్రే పట్టుకుని ముందువైపు నుంచి వచ్చాను. ఎవరో గెస్టు ముక్కు మూసుకుంది. ఈవిడ అందరి ముందూ నన్ను కేకలేసి, నేను నడిచినంత మేరా నా వెనకే సెంటు కొట్టించింది. వాళ్ల పద్ధతి ఏంటంటే, గెస్టు పడవ దిగగానే ఆవిడే ఎదురొచ్చి కొబ్బరిబోండాం ఇస్తుంది. అది ఆవిడ చేత్తో మనిద్దరికీ ఇప్పించుకోవాలి. దానికోసమే దాచుకున్నదంతా పెడుతున్నాను. పిచ్చి కోరికే."

ముందు నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే అమ్మయ్య అనిపించింది. పొడుగావిడ నా బుర్ర ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆయన మీద జాలితో కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. కానీ ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది. అంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

"నాలుగు నెలల నుంచి మీ ఇంట్లో నా వెనక సెంటు కొడుతున్నారు కదండీ. అది మీకు కనపడలేదా?"

ఆయన మడిచిన చొక్కా చేతులు కిందకి లాక్కున్నాడు.

"ఆ వాసన ఎలాంటిదో, ఎంత కడిగినా ఎందుకు పోదో, ఆ ఇంట్లో తెలిసిన మనిషి మీరొక్కరే. నేను కుళాయి కింద వణుకుతుంటే మీరు పేపరు చదువుకున్నారు."

"అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు మల్లీ. అందుకే దీవి అన్నాను. అక్కడ మనమెవరమో ఎవరికీ తెలీదు. వారం రోజులు హాయిగా..."

"అందుకేనా! పటమటలో నా పక్కన నిలబడలేని మొగుడు దీవిలో నిలబడితే నేనేం చేసుకోను? రేపు టిక్కెట్లు వద్దని చెప్పేయండి. నేను ఇక్కడే ఉంటాను. వారమో నెలో కాదు. మీ ఇంట్లో మీరు నోరు తెరిచేదాకా."

ఊరికే బెదిరించడానికి అన్న మాట కాదది. నాలుగు నెలల కాపురం ఆ పెరట్లో ముగిసిపోతుందేమోనని భయమేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన కోసిన చేప మీద పళ్లెం బోర్లించాడు. తర్వాత చేతులు కడుక్కోకుండానే లోపలికి నడిచాడు. వరండాలోకి వెళ్లి సంచీ తీసుకుని బస్సెక్కేస్తాడనుకున్నాను.

హాల్లో ఫోను నంబర్లు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

పరిగెత్తాను. అవతల ఎత్తింది అత్తగారే. "ఏరా ప్రకాషూ, భోంచేశారా?" అని ఆవిడ గొంతు నాకు కూడా వినపడుతోంది.

"అమ్మా, నేనక్కడ అకౌంట్స్ రాయలేదు. దీవిలో, వంటింట్లో చేపలు కోశాను. నాలుగేళ్లూ అదే పని. మీకు అబద్ధం చెప్పాను. మల్లి దగ్గర ఏ వాసనైతే మనింట్లోకి రానివ్వడం లేదో, నీకు నేను పంపిన ప్రతి రూపాయి మీదా అదే వాసనమ్మా," అన్నాడు ఆయన.

అటునుంచి కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది. "మల్లి పక్కనుందా? దానికివ్వు," అంది ఆవిడ.

నేను ఫోను అందుకున్నాను. ఆవిడ ఒక్క మాట అంటే నేను పది అనడానికి సిద్ధంగా ఉన్నాను. నేనే చెప్పించానంటుందని, కొడుకుని చెడగొట్టానంటుందని లెక్క వేసుకున్నాను.

"మల్లీ, వాడి చేతులు చూడమ్మా. తెగినట్టు గాట్లేమైనా ఉన్నాయేమో చూసి చెప్పు. మా నాయన చేప కోస్తుంటే చెయ్యి తెగి, చీముపట్టి, పదిహేను రోజుల్లో పోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంటినిండా అదే వాసన. చూడు తల్లీ, చూసి నిజం చెప్పు," అంది. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

ఆయన ఎడమచేయి పట్టుకుని తిప్పాను. వారం రోజులు ఆయన సూట్‌కేసులూ డైరీలూ వెతికాను కానీ, ఆ చేయి ఒక్కసారీ తిప్పి చూడలేదు. వేళ్ల మొదట్లో, అరచేతి అంచున, బొటనవేలి పక్కన సన్నటి తెల్లటి గీతలు. ఒకదాని మీద ఒకటి.

"చాలా ఉన్నాయి అత్తయ్యగారూ," అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. "కానీ అన్నీ మానిపోయాయండి."