అడగని సాక్షి

నాందేడ్‌లోని మాజీ సైనికుల దవాఖానలో కైలాశ్ తన వంతు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న మనిషి పలకరించాడు.

"గుర్తువట్టిండ్రా సాబ్? నందకిషోర్‌ను. గోకుంద ఊరోణ్ని. ఆకాశ్ కేసయిన పల్టన్ల వంటోణ్ని."

సైనిక పోలీసులో హవల్దారుగా కైలాశ్ ఎన్నో కేసులు చూశాడు. ఇది మాత్రం మరిచిపోలేదు. గార్డు గదిలో తుపాకీ పేలి నాయక్ హోదాలోని ఒక సైనికుడు చనిపోయాడు. ఆ తుపాకీ ఆకాశ్ అనే జవానుది.

"పాపం, ఆ పిలగాని తప్పేం లేకుండె," అన్నాడు నందకిషోర్. "నేను చాయ్ తీస్కపోయి తలుపుకాడ నిలవడ్డ. నాయకే తాగచ్చి ఆకాశ్ తుపాకి గుంజిండు. ఆకాశ్ ఇడువలే. గుంజులాటల పేలింది."

"మరి చెప్పలేదేందయ్యా?"

"ఎవలడిగిండ్రు సాబ్? తెల్లారే మా అయ్య పోయిండని ఫోనస్తే సెలవు మీద పోయిన. తిరిగచ్చెటాలకు మీ కాయిదాలైపోయినయ్. పెద్దోళ్లు రాసినంక వంటోణ్ని నేనేం చెప్పాలె?"

లోపలి నుంచి కైలాశ్ పేరు పిలిచారు. అతను లేవలేదు.

ఆకాశ్‌ది ముఖేడ్ వైపు పల్లె. పట్టుబడ్డాక అధికారుల ముందు నోరు విప్పలేదు. తెలుగు తెలిసినవాడని, ఆ పక్కనే దెగ్లూర్‌కు చెందిన కైలాశ్‌ను పంపారు. "ఏ ఊరు తమ్మీ?" అనగానే కుర్రవాడు భోరుమన్నాడు. గుంజులాట సంగతీ, చాయ్ తెచ్చిన మనిషి సంగతీ అన్నీ చెప్పాడు. కైలాశ్ గది కొలిచాడు, ఫొటోలు తీయించాడు, తుపాకీని పరీక్షకు పంపాడు. వారం ముందు ఇద్దరూ తిట్టుకున్నారని నలుగురు చెప్పారు. వంటవాడేమో సెలవులో ఉన్నాడు. శనివారానికల్లా నివేదిక కావాలని పైఅధికారి తొందరపెట్టాడు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చాయ్ తెచ్చిన మనిషి మాట భయంతో అల్లిందేలే అనుకుని, కైలాశ్ 'ఇతర సాక్షులు లేరు' అని రాసేశాడు. సైనిక కోర్టు పదేళ్ల జైలు వేసింది.

మరునాడు కైలాశ్ సర్కారు ఎస్టీ బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాడు. శిక్ష ముగించుకుని వచ్చిన ఆకాశ్ ఎవరి చేలోనో కూలికి పత్తి ఏరుతున్నాడు. నలభై నిండకుండానే తల నెరిసింది.

కైలాశ్ నిలబడే అంతా చెప్పాడు. "నువ్వు చెప్పింది నిజమే. నేను ఎతుకలే. తప్పు నాది తమ్మీ. నేను, ఆ వంటాయన ఫౌజు ట్రిబ్యునల్ కోర్టుకచ్చి చెప్తం."

ఆకాశ్ చేతిలోని పత్తిని ఒడిలో వేసుకున్నాడు.

"మన మాట మాట్లాడినవని నీకొక్కనికే చెప్పిన అన్నా," అన్నాడు. "ఎనుక వకీలు అడిగినా, 'అన్న అంత రాసిండు గద' అనే చెప్పిన."

ఆకాశ్ మళ్లీ పత్తి ఏరసాగాడు.

"నన్ను గన్న మా అవ్వ మైసవ్వ జైలుకచ్చినప్పుడల్ల ఒక్కటే అడుగుతుండె. నిజంగ సంపినవా బిడ్డా అని. లేదంటే నమ్మేది. ఊర్లెకు పోతే నలుగురు నాలుగు మాటలందురు, మళ్ల అనుమానం. పోయిన ఎండకాలం సచ్చిపోయింది. ఏమనుకుంట పోయిందో నాకెరుక లేదు."

పదహారు నెలలు పట్టింది. ట్రిబ్యునల్‌లో నందకిషోర్ చూసింది చెప్పాడు. అతన్ని ఎందుకు ప్రశ్నించలేదని న్యాయమూర్తి అడిగితే, కైలాశ్ సాకులు వెతకలేదు. "తొందరపడ్డాను. కుర్రవాణ్ని నమ్మలేదు," అన్నాడు. శిక్ష రద్దయింది.

తీర్పు కాగితాన్ని కైలాశే పల్లెకు తీసుకెళ్లాడు. ఆకాశ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరందరు ఇనాలె. నువ్వే సదువన్నా," అన్నాడు.

గ్రామపంచాయతీ ముందు జనం చేరారు. కైలాశ్ ఇంగ్లీషులో చదువుతూ, తెలుగులో విప్పి చెబుతూ పోయాడు. దర్యాప్తులో జరిగిన లోపం దగ్గర అతని పేరే ఉంది. అయినా దాటేయకుండా ఆ పేరు కూడా చదివాడు.

మైసవ్వతో కలిసి కలుపు తీయడానికి వెళ్తుండిన అనుసూయాబాయి ముందుకు జరిగి, "గింతేనా? గీ ఒక్క మాట అడుగనీకి నీకు తీరిక దొరకలేదా?" అంది.

"దొరికింది అవ్వా," అన్నాడు కైలాశ్. "నేనే అడుగలే."