పొలిమేరలో రివర్సు గేరు

మా అత్త కూర్మమ్మ నోటికి గజపతినగరం సంతలో కూడా ఎదురు లేదు. అలాంటి మనిషితో నేను ఒక సీటు కోసం తగువు పెట్టుకున్నాను. నెగ్గాను కూడా. ఎలా నెగ్గానో నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మా పాపకి నాలుగు నెలలు నిండాయి. ఐదో నెలలో అత్తవారింటికి తీసుకెళ్ళాలి. నా కన్నవారిది టెక్కలి పక్కన, అత్తవారిది గజపతినగరం అవతల. మధ్యలో అంత పొడవు హైవే. నా భర్త యుగంధర్ భోగాపురంలో టిప్పరు నడుపుతాడు. ఆ రోడ్డు మీద ఏమేం జరుగుతాయో అతనికి నాకన్నా బాగా తెలుసు. కానీ వాళ్ళమ్మ ముందు కుక్కిన పేను. అందుకని ఫోనులో ఆ మాట అతనితో నేనే అన్నాను.

"పాప ఒళ్ళో రాదు బావా. పిల్లల సీటులో వస్తాది. లేదంటే నేనూ రాను, పాపా రాదు."

ఆదివారం అతను రాగానే శ్రీకాకుళం వెళ్ళాం. కొట్టు యజమాని జగన్నాధం గులాబీ రంగు సీటొకటి తెచ్చి ముందు పెట్టాడు. దానికి కుందేలు చెవులు, నొక్కితే పాట.

"పాప ముందుకి సూసుకుంటా రాణీలాగ వస్తాదమ్మా" అన్నాడు.

నేను అట్ట తిప్పి చదివాను. తొమ్మిది కిలోలు దాటిన పిల్లలకట. మా పాప ఆరు కిలోలు.

"మెడ గట్టిపడని పిల్లని ముందుకి తిప్పి కూకోబెడితే, బ్రేకు పడినప్పుడు ఆ తలేటవుతాది బాబూ? ఎనక్కి తిరిగుంటే వీపూ మెడా సీటుకే ఆనుకుంటాయి. అలాటిది సూపించు."

రెండు తెచ్చాడు. కారులో బిగించి చూస్తేగానీ కొనను అన్నాను. అతని మొహం చూడాలి! మాది పాత కారు. మొదటి సీటుకి మా బెల్టు చాల్లేదు. రెండోదాని మీద మోకాలు మోపి, బెల్టు లాగి బిగించి, రెండు చేతులతో కుదిపాను. కారు ఊగింది గానీ సీటు ఊగలేదు.

"సీటు కొంతన్నారా, పెళ్ళికొడుకుని సూస్తన్నారా అమ్మా?" అన్నాడు జగన్నాధం చెమట తుడుచుకుంటూ.

"పెళ్ళికొడుకునైతే ఇంత సూడలేదు" అన్నాను. యుగంధర్ అటు తిరిగి నవ్వుకున్నాడు.

ప్రయాణం రోజున మమ్మల్ని తీసుకెళ్ళడానికి అత్త వచ్చింది. కారులోకి తొంగి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! ఇదేటే హేమా? గుంటని ఎనక్కి తిప్పి కట్టేస్తావేటి? నా సేతులు లేవా? నీ మొగుణ్ణి ఈ సేతుల్తోనే పెంచినాను."

"నీ సేతులకేటి అత్తా, బంగారాలు. కానీ బండి ఒక్కసారిగా ఆగితే నిన్ను నువ్వే ఆపుకోలేవు. పాపనెలగ ఆపుతావు?"

అత్త తను కుట్టి తెచ్చిన బొంత తీసి పాప కింద పరిచింది. నేను లాగేశాను. బొంత ఉంటే పట్టీలు వదులైపోతాయన్నాను. బొంతకి కూడా దిక్కులేని కొంప అయిపోయింది మాది అని అత్త మా అమ్మతో చెప్పుకుంది.

అప్పుడు గొంతు తగ్గించింది. మా అత్త గొంతు తగ్గిస్తే అసలు సంగతి వస్తోందని అర్థం.

"దారంతా నీ ఇష్టం. మన పొలిమేరలో దుర్గాలమ్మ తల్లి ఉన్నాది. మనింట పుట్టిన బిడ్డ మొదటిపాలి ఊల్లోకి వస్తే, తల్లికి మొహం సూపించి రావాల. వీపు సూపించి రాకూడదు. అక్కడ గుంటని నా ఒల్లోకి ఇచ్చీయ్."

"అక్కణ్ణించి ఇల్లు అర కిలోమీటరు. ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా తిరిగే దారి. కదిలే బండిలో పాప సీటు దిగదు. కావాలంటే బండి ఆపి, ఎత్తుకుని నడుద్దాం."

"సరే, నడుద్దాం" అంది. అక్కడికి రాజీ.

వెనక సీటులో ఒక కిటికీ పక్క పాప, ఇంకో కిటికీ పక్క అత్త, మధ్యలో నేను. దారిలో ఏమీ జరగలేదు. గేదె అడ్డం రాలేదు, గట్టి బ్రేకు పడలేదు. ఏదైనా జరిగుంటే నా మాట నెగ్గేది కదా అని ఒక్క క్షణం అనిపించి లెంపలేసుకున్నాను. పాప గుర్రుపెట్టి నిద్రపోయింది.

గజపతినగరం దాటామో లేదో, వాన మొదలైంది. చినుకులు కాదు, కుండలతో కుమ్మరించినట్టు. పొలిమేర దగ్గర యుగంధర్ కారు ఆపాడు. ఎదురుగా దుర్గాలమ్మ గుడి. ఆ వానలో నాలుగు నెలల పిల్లని ఎత్తుకుని ఎవరు నడుస్తారు?

"ఇయ్యే గుంటని" అంది అత్త.

"ఇవ్వను అత్తా."

"అయితే బండి ఈ పొలిమేర దాటదు."

"దాటకపోతే ఇక్కడే ఉందాం."

నా చెయ్యి పట్టీల బకిల్ మీదే ఉంది. అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ గడియ కోసం ఎంతకాలం నుంచి కాసుకుని ఉన్నానో నీకేటి తెలుసే" అంది.

ఆమె అడిగింది పాప మంచి కోసమే, నేను పట్టుబట్టిందీ అందుకే. అయినా చెయ్యి తియ్యలేదు. తీస్తే ఇకమీదట ప్రతిసారీ తియ్యాల్సి వస్తుంది.

అప్పుడు యుగంధర్ స్టీరింగు వదిలి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, గుంట మొహం అమ్మవారి ఏపుండాల. అంతేనా?"

"అంతే."

"హేమా, గుంట సీటులోనే ఉండాల. అంతేనా?"

"అంతే."

"అయితే ఇద్దరూ నోరు మూసుకుని కూకోండి."

దిగాడు. వానలో తడుస్తూ తువ్వాలుతో వెనక అద్దం తుడిచి వచ్చాడు. కారుని అక్కడికక్కడే వెనక్కి తిప్పి, రివర్సు గేరు వేశాడు. రోజంతా కొండలాంటి టిప్పరుని గోతుల అంచుకి రివర్సు చేసే మనిషికి ఇదొక లెక్కా? కిటికీలోంచి తల బయట పెట్టి, మనిషి నడకంత మెల్లగా వదిలాడు. మా పాత కారుకి రివర్సులో పాట వస్తుంది. ఆ పాట ఎత్తుకుంది.

పాప కళ్ళు విప్పింది. వెనక అద్దం నిండా దుర్గాలమ్మ గుడి, దాని అవతల ఊరు. పాప మొహం తిన్నగా అటే ఉంది!

అత్తకి విషయం అందడానికి కాస్త పట్టింది. అందాక సీటు మీద ఎగిరినంత పనిచేసింది.

"ఓరి నీ తెలివి సల్లగుండ! తల్లీ, దుర్గాలమ్మా, మా గుంటమ్మ వచ్చినాది సూడు!"

నా వీపు మీద ఒక్కటి చరిచింది. అది దెబ్బ కాదు, ముద్దు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

టీ కొట్టు చూరు కింద జనం లేచి నిలబడ్డారు. "ఏట్రా యుగంధరూ, ముందు గేర్లు పోనాయేటి?" అని కొట్టు గంగులు అరిచాడు.

అత్త వానని లెక్కచెయ్యకుండా తల బయట పెట్టింది. "గేర్లకేటీ అవనేదురా గంగులూ! మా మనవరాలు ఊరిని సూసుకుంటా వస్తన్నాది!"

జనం ఈలలు వేశారు. మనవరాలు మేళం లేకుండా వస్తోందని దారంతా గొణిగిన మా అత్తకి ఆ ఈలలూ, కారు పాటా సరిపోయాయి. మా మావ అప్పలసూరి గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి, వెనక నుంచి వస్తున్న కారుని చూసి నోరు తెరిచాడు. అలా దిగాం.

వారం తిరక్కుండా పాపకి మిగిలిపోయిన టీకాకి గజపతినగరం బయల్దేరాం. నేను పట్టీలు బిగిస్తుంటే అత్త వచ్చి నన్ను పక్కకి నెట్టి, పట్టీ కింద వేలు దూర్చి చూసింది. "వదులుగున్నాది, ఇంకాస్త లాగు" అంది. లాగాను. బొంత ఊసే ఎత్తలేదు.

ఈసారి కారు తిన్నగా ముందుకే పోతోంది. పొలిమేర దాటుతుంటే అత్త ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది.

"ఓసే, సూడే! ఎల్లేటప్పుడు గుంట అమ్మవారిని సూసుకుంటానే ఎల్తన్నాది. నువ్వు సెప్పినావే, ఆ కుందేలు సెవుల సీటైతే వీపు సూపించేసును కదే! ఏరి ఏరి మంచిది తెచ్చినావే కోడలా!"

నేను జవాబు చెప్పేలోపే కొడుకు భుజం మీద తట్టింది.

"ఒరే, వచ్చేటప్పుడు మాత్రం రివర్సు మరిసిపోకు."