మసి గిన్నెలు

మా అమ్మాయి ఆసుపత్రికి భోజనాలు పంపడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఆసుపత్రి మా వీధి చివర్లోనే, చిన్నది. అక్కడి రోగులకూ, వాళ్ళకు తోడుండేవాళ్ళకూ మధ్యాహ్నం డబ్బాలు మా వంటింట్లోంచే వెళతాయి. బట్టల కొట్టులో ఉద్యోగం పోయి, ముఖం వేలాడేసుకుని గదిలో కూర్చున్న పిల్ల మళ్ళీ మనిషయింది ఈ పనితోనే. అందుకు సంతోషమే. కానీ పెద్ద పెద్ద గిన్నెలు, పొద్దున వెలిగిస్తే మధ్యాహ్నం దాకా ఆరని పొయ్యి. గ్యాసంటే నాకు మొదటినుంచీ ప్రాణభయం. సిలిండరు మార్చేటప్పుడు నేను వీధిలోకి వెళ్ళి నిలబడతాను.

"మనింట్లో గ్యాసు కన్నా నీ భయమే ఎక్కువ లీకవుతోందమ్మా" అంటుంది అమ్మాయి.

మా పొయ్యి వంటగట్టులోకి దింపి బిగించినది. పైకి రెండు బర్నర్లే కనిపిస్తాయి. గొట్టాలన్నీ గట్టు కింద అల్మరాలో ఉంటాయి. ఆ అల్మరా నాది. పాత సంచులు, మూతల్లేని డబ్బాలు, పనికొస్తాయని దాచినవన్నీ అందులోనే.

ఒకరోజు అమ్మాయి కూరగాయలకు వెళ్ళినప్పుడు, పెద్ద బర్నరు మీద నీళ్ళు కాగుతుండగా, సబ్బునురుగు కలుపుకుని అల్మరాలో దూరాను. గ్యాసు కారుతుంటే నురుగులో బుడగలు లేస్తాయని సిలిండరు తెచ్చే మనిషి ఎప్పుడో చెప్పాడు. రబ్బరు గొట్టం పొడుగునా రాశాను, ఏమీ లేదు. ఇంకా పైకి చూస్తే, గ్యాసు చిమ్మే చిన్న ముక్కుకీ బర్నరు గొట్టానికీ మధ్య సందు కనిపించింది. రెండూ అతుక్కుని లేవు. గొట్టం నోరు తెరుచుకుని ఉంది. అక్కడ నురుగు రాయగానే లోపలికి పోయింది, పైన మంట దగ్గినట్టు టపటపలాడింది. ఇన్నాళ్ళూ విడిపోయిన గొట్టం మీదా వంట చేస్తున్నాం అనుకున్నాను. పొయ్యి ఆపి, చల్లారనిచ్చి, నా పాత లంగా అంచు చింపి ఆ సందు చుట్టూ బిగించి దారంతో కట్టాను. చిన్న బర్నరు దాకా నా చెయ్యి అందలేదు. సంచులు మళ్ళీ ముందుకు సర్దేశాను. అమ్మాయికి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది.

మర్నాటి నుంచి పెద్ద బర్నరు మంట పసుపు రంగుకు తిరిగింది. గిన్నెల అడుగున మసి. తోమి తోమి నా వేళ్ళు పగిలాయి.

"పాలు పొంగిస్తావు, తుడవవు. బర్నరు మూసుకుపోదా మరి?" అన్నాను.

"రోజూ తుడుస్తున్నానమ్మా. నీ ఎదురుగానే కదా."

"ఏం తుడవడమే అది, ముఖానికి పౌడరు రాసినట్టు."

అమ్మాయి బర్నరు పైముక్క విప్పి సూదితో కన్నాలన్నీ పొడిచి శుభ్రం చేసింది. మంట అలాగే ఉంది. పొయ్యిలు బాగుచేసే మనిషిని పిలిపించింది. అతను పైనుంచి వంగి చూసి, "పొయ్యికి కామెర్లు వచ్చాయమ్మగారూ" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. "పైముక్క అరిగిపోయింది. కొత్తది వేసుకోండి, బజార్లో దొరుకుతుంది." అల్మరా తలుపు తీసి, నా సంచుల గుట్ట చూసి, మళ్ళీ వేసేశాడు.

ఈలోగా ఆసుపత్రి నుంచి పెద్దనర్సు ఫోను చేసింది. డబ్బాలకు మసి అంటి, మంచాల మీది దుప్పట్లు నల్లబడ్డాయట. కూర పొగవాసన వేసిందట. వచ్చి వంటిల్లు చూశాకే, ఇక్కడి నుంచి భోజనం తెప్పించాలో మానాలో చెబుతానంది.

ఆవిడ వచ్చేసరికి అమ్మాయి కొత్త పైముక్క కోసం బజారుకు వెళ్ళి ఉంది. నేనొక్కదాన్నే. చేతిలో సంచీతో, నీటైన తెల్లబట్టల్లో ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి, బోర్లించిన గిన్నెల వైపు చూసింది. అయిపోయింది, పిల్ల మళ్ళీ గదిలో గోడవైపు తిరిగి పడుకుంటుంది అనుకున్నాను. ఏదో ఒకటి చెప్పి దయ పుట్టించాలి.

"చిన్నపిల్లమ్మా, దానికి తెలీదు. పొయ్యి తుడవమంటే వినదు. నేను దగ్గరుండి తుడిపిస్తాను, ఈ ఒక్కసారికి కడుపులో పెట్టుకోండి."

"రోజూ తుడవదా?" అందావిడ.

"ఏదో పైపైన..." అన్నాను.

ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. మంచినీళ్ళిస్తే వద్దంది. "రోగులు తినే తిండి కదమ్మా" అని మాత్రం అని మెట్లు దిగింది. నేను బతిమాలి గట్టెక్కించాననే అనుకున్నాను.

అమ్మాయి ఇంటికొచ్చాక ఫోను వచ్చింది. రేపటి నుంచి డబ్బాలు పంపొద్దన్నారు. అమ్మాయి ఫోను గట్టుమీద పెట్టి, చీర కొంగు దోపుకుని కొత్త పైముక్క బిగించింది. వెలిగించింది. మళ్ళీ అదే పసుపు.

"చిన్నది చక్కగా నీలంగా వెలుగుతోంది" అని తనలో తను అనుకున్నట్టు అంది. "రెంటికీ వచ్చే గ్యాసు ఒకటే. అంటే సిలిండర్లో లోపం లేదు, రెగ్యులేటర్లోనూ లేదు. పైముక్క కొత్తది. ఇక మిగిలింది కిందే. అమ్మా, అల్మరా ఖాళీ చెయ్యి."

"కింద ఏముంటుంది? నా సంచులే" అన్నాను.

"సంచులే తియ్యమంటున్నా."

తీశాను. ఒక్కొక్కటే తీశాను, ఎంత మెల్లగా తీయొచ్చో అంత మెల్లగా. అమ్మాయి టార్చి పట్టుకుని లోపలికి వంగింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో నల్లగా కమిలిన గుడ్డ, దారం ఇంకా వేలాడుతూ ఉంది. అంచు మీది కుట్టుపూలు మసిలో కూడా కనిపిస్తున్నాయి.

"గొట్టం విడిపోయిందనుకున్నానే" అన్నాను.

"విడిపోవడం కాదమ్మా, అది గాలి లోపలికి పోవడానికే వదిలిన సందు. గాలి కలవకపోతే మంట ఇలాగే మసి కక్కుతుంది. ఈ గుడ్డకు నిప్పంటుకుని ఉంటే ఏమయ్యేది?" అరవలేదు. అరిచినా బావుండేది. పొయ్యి వెలిగించింది. మంట నీలంగా, పొట్టిగా, బుసబుసమంటూ లేచింది. దాని వైపు చూడడానికి నాకు ముఖం చెల్లలేదు.

వెంటనే పెద్దనర్సుకు ఫోను చేసింది. "తప్పెక్కడుందో దొరికిందండీ, గాలి దారి మూసుకుపోయింది. ఇప్పుడు బాగయింది. నేను రోజూ శుభ్రం చేస్తూనే..." అని ఆగిపోయింది. అవతలి నుంచి ఏం వినిపించిందో నాకు తెలుసు. అమ్మాయి నా వైపు చూసింది. మళ్ళీ గోడవైపు చూసింది. "సరేనండీ" అని పెట్టేసింది.

"నేను తుడవనని చెప్పావా?"

"దయ తలుస్తుందని..."

"నువ్వే చెప్పాక ఇంకెవరు నమ్ముతారమ్మా?"

అంతే. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తల కొట్టేసినట్టయింది నాకు. గుడ్డ కట్టింది తెలియక. మరి ఆ మాట? రోజూ తుడిచే చేతులు కళ్ళారా చూస్తూ ఉండి, తుడవదని అన్నాను. అది తెలియక కాదు. తిట్లు నా మీదికి రాకుండా దాని మీద పడేశాను.

చెప్పులేసుకుని ఆసుపత్రికి నడిచాను. బెంచీల నిండా జనం. ఎవరూ లేనప్పుడు చెబుదామని ఒక మూల నిలబడ్డాను. ఎవరూ లేకుండా ఉండే సమయమే రాలేదు. చివరికి పెద్దనర్సే, "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అంది.

"బానే ఉన్నానమ్మా. మా అమ్మాయి పొయ్యి రోజూ తుడుస్తుంది. నేను అబద్ధం చెప్పాను. ఆ మసి నా వల్లే. భయపడి పొయ్యి కింద గుడ్డ కట్టాను."

బెంచీ మీద ఒకాయన పకపకా నవ్వాడు. "గుడ్డెందుకమ్మా, చలేసిందా పొయ్యికి?" పక్కనున్నావిడ కూడా నవ్వింది. భూమి చీలితే దిగిపోదామనిపించింది. నర్సు మాత్రం నవ్వలేదు.

"మీరు అబద్ధం చెప్పారంటున్నారు. ఇప్పుడు చెప్పేది కూడా కూతురి కోసం కాదని నాకెలా తెలుస్తుంది?"

"ఇంటికొచ్చి మంట చూడండి. నేను ఒక్క మాటా మాట్లాడను" అన్నాను.

ఆవిడ సాయంత్రం వచ్చింది. అమ్మాయి వెలిగించింది, చెప్పాల్సింది తనే చెప్పింది. నేను వరండాలో కూర్చున్నాను. లోపలి మాటలు సగం సగం వినిపించాయి. మెట్లు దిగుతూ ఆవిడ అమ్మాయితో, "రేపు పంపు, చూద్దాం" అంది. చూద్దాం అంది, అంతే. ఇదివరకులా నమ్మకంగా అనలేదు.

అమ్మాయి వరండాలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆసుపత్రికి వెళ్ళావటగా."

"వెళ్ళాను తల్లీ. నిజం చెప్పేద్దామని."

"చెప్పావు, సరే. ఇక మీదట నా పని గురించి ఎవరితోనూ మాట్లాడకు. చెడూ వద్దు, మంచీ వద్దు."

"మంచి కూడానా?"

"మంచి కూడా."

తలూపాను. లోపల రేపటికి కూరలు తరగడం మొదలైంది. సాయానికి లేవబోయి, పిలవలేదు కదా అని, మళ్ళీ కూర్చున్నాను.