ఫోటో లేని రౌండు

నరసరావుపేటలో ఒక మనిషి ఎవరి తాలూకో తెలుసుకోవడానికి ఆధార్ కార్డు అక్కర్లేదు. ఆ ఇంటి పెళ్ళికో, కొత్త షాపుకో కట్టిన ఫ్లెక్సీ చూస్తే చాలు. పైన గుండ్రటి చోటు ఒకటుంటుంది, మేం దాన్ని రౌండు అంటాం. అందులో ఏ నాయకుడి ముఖం ఉంటే ఆ మనిషి ఆ నాయకుడి మనిషి. ఇక అతని జోలికి ఎవరూ రారు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఫ్లెక్సీలు కొడుతున్నాను. మా అన్న ముఖం వాళ్ళ అన్న ముఖం కంటే చిన్నదయిందని షాపు మీదికి వచ్చినవాళ్ళతో ఎన్నిసార్లు గొడవపడ్డానో. ఈ నిరోషకు కోపం ఎక్కువని ఊళ్ళో నాకు పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

తేజస్వి నూజెండ్లలో మా పక్కింటి బిడ్డ. మగపిల్లాడు పుట్టాడని అప్పట్లో వాళ్ళింట్లో మిఠాయిలు పంచారు. తను ఆడపిల్లనని తనకు పదేళ్ళప్పుడే తెలుసు. నాకు చెప్పడానికి ఇంకో అయిదేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు గెంటేశారు. గుంటూరులో ఒక మెస్సులో ఎనిమిదేళ్ళు వంట చేసింది. సొంతంగా రెండు చోట్ల టిఫిన్ బండి పెడితే రెండు చోట్లా కుర్రాళ్ళు వచ్చి తోసేశారు. ఇలా కాదని ఈసారి గోడలున్న గది చూసుకుంది, మా పేటలో స్టేషన్ రోడ్డులో. పొయ్యిలు బిగించింది, గ్రైండర్ తెచ్చింది, ఆదివారం ఓపెనింగ్ అనుకుంది. బుధవారం గది ఓనరు ఆనందరావు వచ్చాడు.

"పక్క షాపులోళ్ళు ఒకటే గోల చేస్తన్నారు" అన్నాడు, తేజస్వి ముఖం చూడకుండా. "నాకేం లేదమ్మా. పెద్దాయన ఫోటో ఏసి ఫ్లెక్సీ కట్టుకో, ఇంక ఎవుడూ మాట్టాడడు. ఆదివారానికి ఫోటో పడకపోతే మాత్రం తాళం నాకిచ్చెయ్."

పెద్దాయనంటే వీరయ్య గారు. ఒక పార్టీకి మా నియోజకవర్గం ఇన్‌ఛార్జి. అంతకు రెండు నెలల ముందే ఆయన విజయవాడలో ఒక సదస్సుకు వెళ్ళి, మైకు ముందు "ట్రాన్స్‌జెండర్లు మన బిడ్డలే" అన్నాడు. పేపర్లో ఫోటోతో సహా వచ్చింది. ఆ ముక్క కత్తిరించి దాచుకుంది తేజస్వి. దాన్ని పట్టుకుని గురువారం పొద్దున ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం.

అబద్ధం ఎందుకు చెప్పాలి, మర్యాదగానే చూశాడు. లోపలికి పిలిచి కుర్చీలు వేయించాడు. కాఫీ ఇప్పించాడు. పేపరు ముక్క చూసి మురిసిపోయాడు కూడా.

"నా సపోర్టు మీకెప్పుడూ ఉంటది తల్లీ. గ్యాస్ కనెక్షన్ కావాలా, లైసెన్సు కావాలా, చెప్పు, సాయంత్రానికి చేయిస్తా. ఫోటో మాత్రం ఒద్దు."

"మీరే అన్నారు గదండీ" అన్నాను.

"అన్నా. అది విజయవాడ. ఇది మనూరు. బొల్లాపల్లి నుంచి మాచవరం దాకా పెద్దోళ్ళందరూ నాకు ఫోన్లు చేస్తారు, ఏందయ్యా వీరయ్యా ఇది అని. ఎవరికని చెప్పుకోను? ఆదివారం తెల్లారుజామున అయిదింటికి వస్తా, కొబ్బరికాయ కొట్టి ఎళ్ళిపోతా. నీకూ బాగుంటది, నాకూ బాగుంటది."

"ఓపెనింగ్ తొమ్మిదింటికండీ" అంది తేజస్వి. అక్కడ తను మాట్లాడింది అదొక్కటే.

బయటికి వచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టే వాళ్ళతో నాకు పేచీ లేదు, ఎదురు తిట్టొచ్చు. కాఫీ ఇచ్చి, తల్లీ అని పిలిచి, అయిదింటికి చీకట్లో వస్తాననే వాళ్ళని ఏం చేయాలి? దారి పొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను. తేజస్వి మాత్రం నేరుగా నా షాపుకు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"అక్కా, ఆయన ఫోటో ఒద్దన్నాడు. మాట ఒద్దన్లేదు గదా?"

"అంటే?"

"రౌండు పెట్టు. మామూలుగా ఎంత సైజు పెడతావో అంతే పెట్టు. లోపల ఖాళీగా ఉంచు. కింద ఆ మాట రాయి, ఎక్కడన్నాడో ఏ తారీఖున అన్నాడో రాయి. పేరు ఒద్దు."

"ఖాళీ రౌండు ఎవరు చూస్తారే?"

"ఈ ఊళ్ళో చూడనోళ్ళు ఎవరో చెప్పు."

నిజమే. మా ఊళ్ళో వార్తాపత్రిక చదవనివాళ్ళు ఉంటారుగానీ ఫ్లెక్సీ చదవనివాళ్ళు ఉండరు. ఇంకో పక్క తేజస్వి నిలువెత్తు ఫోటో వేశాను, గరిటె పట్టుకుని నవ్వుతున్నది. 'తేజస్వి టిఫిన్స్' అని పెద్దక్షరాలు. కింద ఏం రాయమంటావంటే, "ప్రొప్రయిటర్ తేజస్వి, ట్రాన్స్‌జెండర్ మహిళ అని రాయి" అంది. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. పదకొండేళ్ళలో ఆ మాట ఫ్లెక్సీ మీద ఎప్పుడూ కొట్టలేదు. నాలోనూ ఒక వీరయ్య ఉన్నాడని అప్పుడు తెలిసి సిగ్గేసింది. తను రాయమన్న దానికంటే ఒక సైజు పెద్దగా కొట్టాను.

శుక్రవారం పొద్దున మౌలాలీ నిచ్చెన వేసి కట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఫ్లెక్సీలు కట్టే మనిషి, దిగొచ్చి కింద నిలబడి చానాసేపు చూశాడు. "ఫోటో ఊడిపోయిందేమో చూసుకోమ్మా" అన్నాడు. ఊడలేదన్నాను. మధ్యాహ్నానికి స్టేషన్ రోడ్డంతా అదే మాట. ఆ రౌండు ఎవరిది? ఎవరు రానన్నారు? ఫోన్లలో ఫోటోలు తిరిగాయి. తేదీ చూసి విజయవాడ పేపరు వెతికి తీసినవాళ్ళూ ఉన్నారు.

మూడింటికి పెద్దాయన పీఏ సుధీర్ బాబు ఫోన్ చేశాడు.

"ఏందక్కా ఆ పని? తీసెయ్."

"మీ సార్ ఫోటో లేదు గదయ్యా. ఒద్దంటే మానేశాం."

"మరి ఆ మాట ఎవరిది?"

"ఎవరిదో నువ్వే చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం అవతలి పార్టీ వాళ్ళు ఇద్దరు బండి మీద వచ్చారు, మహా ఉత్సాహంగా. ఆ ఖాళీలో మా నాయకుణ్ణి పెడదామా అన్నారు. పెడదాం, ఆయన్ని అడిగి రండి అన్నాను. ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

శనివారం మాచవరంలో పెద్దాయన ఒక పెళ్ళికి వెళ్ళాడట. వెళ్ళిన దగ్గర్నుంచి ఒకరి తర్వాత ఒకరు, "పేటలో మీ చోటు ఖాళీగా ఉందంటగా" అని అడిగారట. ఎవరూ తిట్టలేదు, అడిగారంతే. ఇది తర్వాత సుధీర్ బాబే నాకు చెప్పాడు.

ఆదివారం అయిదింటికి ఎవరూ రాలేదు. తొమ్మిదింటికి తేజస్వి పొయ్యి వెలిగించి దణ్ణం పెట్టుకుంది. రోడ్డవతల జనం నిలబడ్డారుగానీ ఇవతలికి ఒక్కరూ రారు. ఆనందరావు వచ్చి గుమ్మం పక్కన చేతులు కట్టుకు నిలబడ్డాడు, తాళం కోసమే. తేజస్వి మొదటి వాయి ఇడ్లీ దించి, రెండో వాయి పెట్టింది. నేను పక్కన నిలబడటం తప్ప ఏం చేయలేకపోయాను.

తొమ్మిదిన్నరకి నాలుగు కార్లు వచ్చి ఆగాయి. పెద్దాయన దిగాడు. అనుచరులు మైకు అందించారు. అందరూ బతకాలన్నాడు, అన్ని వర్గాలూ సమానమేనన్నాడు, మా పార్టీ ఎవరినీ వేరుగా చూడదన్నాడు. తేజస్వి పేరు గానీ, ట్రాన్స్‌జెండర్ అనే మాట గానీ నోట రాలేదు. మైకు తిరిగి ఇచ్చేసి, "సుధీర్, రెండిడ్లీ పార్సిల్ కట్టించు, కార్లో తింటా" అన్నాడు.

"పార్సిల్ లేదండీ" అంది తేజస్వి.

సుధీర్ బాబు నావైపు చూశాడు. నేను పైనున్న ఫ్లెక్సీ వైపు చూశాను.

"ఇక్కడ కూర్చుని తినాలండీ. ఎవరికైనా అంతే."

వీరయ్య గారు కార్లవైపు చూశాడు, జనంవైపు చూశాడు. పంచె సర్దుకుని, రోడ్డుకు ఎదురుగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తేజస్వి ప్లేటు తెచ్చి పెట్టి, పచ్చడి వడ్డించి, ఎదురుగానే నిలబడింది. యాభై ఫోన్లు పైకి లేచాయి. ఆయన దించండి అనలేదు.

అప్పుడు ఆనందరావు ముందుకు వచ్చాడు. గది అతనిది, అతనికి తేలాలి.

"అయ్యా, ఆ ఫ్లెక్సీ మీద మాట ఎవరిదండీ?"

పెద్దాయన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. ఆ మనిషికి తప్పించుకోవడం ఎంత బాగా వచ్చో నాకు తెలుసు. మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టాడు.

"నాదే" అన్నాడు. సరిగ్గా వినపడలేదేమోనని తనకే అనిపించినట్టుంది, గొంతు పెంచాడు. "నేనన్న మాటే. ట్రాన్స్‌జెండర్లు మన బిడ్డలే. ఈ తేజస్వి కూడా. ఏం?"

ఆ "ఏం?" మైకులో అన్నది కాదు. మా పల్నాడు గొంతుతో అన్నది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

తేజస్వి ఏడవలేదు. ఆయన ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేసి, రోడ్డవతలి జనం వైపు తిరిగి, "రండి, వేడిగా ఉన్నయ్" అంది. తర్వాత ఆనందరావు వైపు తిరిగింది.

"బాబాయ్, మీకూ పెట్టేదా?"

"పార్సి..." అని ఆగిపోయాడు ఆనందరావు. అటూ ఇటూ చూసి, పెద్దాయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తాళం సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.