ఆర్టిస్టు సహకరించింది

నా మీద నాకే ఇంత అసహ్యం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇతరుల్ని అసహ్యించుకోవడంలో మాత్రం నాకు మంచి అనుభవమే ఉంది. ఫిల్మ్‌నగర్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను మరి.

నా పని కంటిన్యుటీ. ఒక షాట్‌లో హీరోయిన్ బొట్టు ఎక్కడుంటే తర్వాతి షాట్‌లోనూ అక్కడే ఉండేలా చూడాలి. గ్లాసులో నీళ్లు ఎంతవరకున్నాయి, చొక్కా గుండీ పెట్టుకున్నాడా లేదా, ఎన్నో టేకు ఓకే అయింది, అన్నీ ఫోన్‌లో రాసుకుంటాను. కొత్తగా చేరినవాళ్లకి క్లాసు కూడా పీకేదాన్ని. "నోట్సంటే శిలాశాసనం కాదమ్మా. మన బుర్ర పెరిగేకొద్దీ అదీ మారాలి. వారానికోసారి తెరిచి శుభ్రం చేసుకోండి" అని. ఏడ్చినట్టుంది నా తెలివి.

ఫిబ్రవరిలో చెంపదెబ్బ సీను తీశాం. దెబ్బ తినేది ఉదయశ్రీ. మోతీనగర్ నుంచి వచ్చే జూనియర్ ఆర్టిస్టు. ఉత్తుత్తి దెబ్బ సరిపోయేది. మా డైరెక్టర్ సాయిశ్రీనివాస్ గారికి రియల్‌గా కావాలి. హీరో పదకొండు టేకులు నిజంగానే కొట్టాడు. మధ్యలో ఆ పిల్ల చెవి పట్టుకుని ఆపమంది. ఎవరూ ఆపలేదు. ఇదంతా అప్పటికప్పుడు రాశాను, ఎన్నో టేకుకి ఆపమందో అంకె వేసి మరీ.

వారం తర్వాత శుభ్రం చేస్తూ "ఎవరూ ఆపలేదు" అన్న మాట తీసేశాను. అది కంటిన్యుటీ కాదు, ఎమోషన్ అనుకున్నాను. మార్చిలో సాయిశ్రీనివాస్ గారు, "తర్వాతి సినిమాకి నువ్వే అసోసియేట్ డైరెక్టర్‌వి మనోజా" అన్నారు. ఆ వారం "ఆపమంది" కాస్తా "కొంచెం ఇబ్బంది పడింది" అయింది. నన్నెవరూ బెదిరించలేదు. కనీసం అడగనైనా లేదు. ఏప్రిల్‌లో మరోసారి తెరిచాను. టేకుల లెక్క అనవసరం అనిపించింది.

నిన్న ఉదయశ్రీ జూబ్లీహిల్స్‌లో మా ఎడిటింగ్ ఆఫీసుకి వచ్చింది. నేను కుర్చీ లాగి తన ఎడమవైపు కూర్చుంటే తల అడ్డంగా ఊపి కుడివైపు చూపించింది.

"అక్కా, జర గీ పక్కకొచ్చి మాట్లాడు. ఎడమ చెవి ఇనవడ్తలేదు. కర్ణభేరి చిరిగిందన్నడు డాక్టరు."

యూనియన్‌లో ఫిర్యాదు పెట్టిందట. మర్నాడే విచారణట. ఒక్కటే టేకు తీశాం, చెయ్యి కూడా తగల్లేదని కంపెనీవాళ్లు అంటున్నారట. సెట్లో ఉన్నవాళ్లెవరూ నోరు విప్పడం లేదట.

"నువ్వు గాడ కూసొని అన్నీ రాసినవ్ గద. నేను సూసిన. రేపు గది సూపెడ్తే సాలు."

ఫోన్ తెరిచాను. ఆ సీను కింద రెండే ముక్కలున్నాయి. "చెంపదెబ్బ ఓకే. ఆర్టిస్టు సహకరించింది."

తను వంగి చదివింది. మళ్లీ చదివింది.

"గిది నువ్వే రాసినవా?"

అవునన్నాను. 

"ముందుగాల రాసింది?"

"ఉండదమ్మా. ఈ యాప్‌లో మారిస్తే పాతది పోతుంది."

నా ముఖాన ఉమ్మేస్తుందనుకున్నాను. వేసినా బాగుండేది. తను బ్యాగు అందుకునేసరికి నాకు గాభరా పుట్టింది. "ఉండు, ఇప్పుడే సరిచేస్తాను. రేపు నేనూ వస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అంటూ గబగబా టైపు చేయడం మొదలుపెట్టాను. పదకొండు టేకులు, ఎడమ చెంప.

"తారీఖు సూడక్కా" అంది.

పైన ఆ రోజు తేదీ పడింది.

"నేనే పక్కన కూసొని రాయించినట్టుంటది. కంపెనీ వకీలు నవ్వుతడు."

"నవ్వనీ. నిజమే కదా" అంటూ తను ఆపమన్న చోటుదాకా వచ్చాక నా వేళ్లు ఆగిపోయాయి. చెవి పట్టుకున్నది ఎన్నో టేకుకి? ఐదా? ఏడా? ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. మనిషిగా పుట్టినవాళ్లెవరూ అడగకూడని మాట అడిగాను.

"నువ్వు ఆపమన్నది ఎన్నో టేకుకి, ఉదయశ్రీ?"

తను బ్యాగు సర్దుకుంటూ నా వైపు చూసింది.

"కొడ్తుంటే లెక్కపెట్టుకుంటరా అక్కా? లెక్కపెట్టెతందుకే గద నిన్ను గాడ కూసోబెట్టిన్రు."