బండికి రెండోసారి ప్రార్థన

ఆళ్ళగడ్డలో రుద్రవరం పోయే దారి పక్కన ఒక చిన్న చర్చి ఉంది. నెల నెలా మొదటి ఆదివారం ఆరాధన ముగియగానే ఆ చర్చి ముందర కొత్త ఆటోలు వరుసగా వచ్చి నిలబడతాయి. వాటికి బంతిపూల దండలు, అద్దం మీద రంగు కాగితంతో అంటించిన సిలువ గుర్తు, వెనక సీట్లో కొత్త చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు. జకరయ్య పాస్టరుగారు ఒక్కొక్క బండి దగ్గరికీ వచ్చి, హ్యాండిలు మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. ఆమెన్ అన్న మాట వినబడగానే, పక్కనే తెల్లచొక్కాలో నిలబడిన శాంసన్ బండి తాళం తీసి యజమాని చేతిలో పెడతాడు. ఫొటో తీస్తారు. చప్పట్లు కొడతారు. పిల్లలకు చాక్లెట్లు పంచుతారు.

చూడముచ్చటైన దృశ్యమే. మీరూ నేనూ అక్కడ ఉంటే ఒక చాక్లెట్ నోట్లో వేసుకుని చప్పట్లు కొట్టేవాళ్ళమే. అందులో దాగిన చెడుగు ఏమిటో మనకు మాత్రం ఏం తెలుస్తుంది? ఒక ఆదివారం అక్కడ అది తెలిసినవాడు ఒక్కడే. అతని చేతిలోనే తాళాలు ఉన్నాయి.

ఆ ఆదివారం వరుసలో చివరన నిలబడిన ఆటో అప్పుడే కొన్నది కాదు. దాని దండ మాత్రం కొత్తది. ఆ ఆటో గురుస్వామిది. రుద్రవరం దారి పల్లెల్లో పిల్లల్ని ఎక్కించుకుని ఆళ్ళగడ్డ బడికి తెచ్చి దింపడం అతని పని.

"ఏందప్పా గురుస్వామీ, నీ బండికి మొన్ననే ప్రార్థన అయింది గదా?" అని శాంసన్ నవ్వుతూ అడిగాడు.

"అయిందన్నా. మళ్ళా చేపిస్తాండా. పల్లానికి దిగేటప్పుడు బ్రేకు తొక్కితే కాలు కిందికి దిగబడిపోతాంది. మళ్ళీ తొక్కితే నిలబడుతుంది. ఎవరిదో కన్ను పడింది. ముందు చేపించిన ప్రార్థనలో నాకే విశ్వాసం చాల్లేదేమో."

శాంసన్ ముఖంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ మాటలు విన్న పాస్టరుగారు కళ్ళు మూసుకుని, ఈ బండిలో ఎక్కే పసిపిల్లలను కాపాడమని దేవుణ్ణి వేడుకున్నారు. అందరితో పాటు శాంసన్ కూడా ఆమెన్ అన్నాడు.

అతని భయం ఎందుకో తెలియాలంటే అతని ఉద్యోగం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆటోలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ ఉంది. పేరుతో మనకు పనిలేదు. శాంసన్ అందులో నంద్యాల షోరూం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి బండి చూపించే చిన్న సేల్స్‌మన్‌గా చేరాడు. వాళ్ళ నాయన పాణ్యంలో కూలిపని చేసి చదివించాడు. శాంసన్‌కు మనిషి మనసు తెలుసు. కష్టపడి కొనుక్కున్న బండిని షోరూంలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య తీసుకోవడం కన్నా తన దేవుడి ముందు, తనవాళ్ళ మధ్య తీసుకుంటే ఆ ఆనందమే వేరని అతనికి తోచింది. క్రైస్తవులైతే చర్చి ముందర, హిందువులైతే గుడి ముందర తాళం ఇప్పించే పద్ధతి పెట్టాడు. ఒక బండికి చప్పట్లు కొట్టినవాళ్ళలో మరొకరు మరుసటి నెల బండి కొనేవారు. ఆ పద్ధతి అతన్ని మెట్టు మెట్టుగా ఎక్కించింది. సేల్స్‌మన్ మేనేజరయ్యాడు, మేనేజరు రాయలసీమ మొత్తానికి పెద్ద అధికారి అయ్యాడు. నంద్యాలలో కంపెనీ ఇల్లు, కంపెనీ కారు, కంపెనీ ఫోను వచ్చాయి. ఒంటిమీద చొక్కా తప్ప తక్కినవన్నీ కంపెనీవే అని అతని భార్య ప్రసన్నకుమారి నవ్వేది. ఆమె నంద్యాలలో టీచరు.

కొన్ని వారాల కిందట హైదరాబాదు ఆఫీసులో అతని పై అధికారి అజయ్ కుమార్ తలుపు దగ్గరగా వేసి ఒక సంగతి చెప్పాడు. కొత్త మోడల్ ఆటోల బ్రేకులో ఒక రబ్బరు సీలు నాసిరకంది పడింది. అది వేడెక్కితే బ్రేకు జారుతుంది.

"సర్వీసుకు వచ్చిన బండికి వచ్చినట్టు మార్చేయండి. కస్టమరుకు చెప్పాల్సిన పని లేదు. చెబితే పేపర్లో పడుతుంది, పరువు పోతుంది. అన్నట్టు, మీ నంద్యాల వైపు నుంచి ఫిర్యాదులే లేవే!"

"మావైపు లేవు సార్," అని శాంసన్ ఆనాడు ఎంతో గర్వంగా చెప్పాడు.

ఎందుకు లేవో ఇప్పుడు అర్థమైంది. బ్రేకు జారితే బండి కొన్నవాళ్ళు షోరూంకు రావడం లేదు. చర్చికి వస్తున్నారు. చర్చికి రానివాళ్ళు బండి చుట్టూ గుమ్మడికాయ తిప్పి కొడుతున్నారు. యంత్రంలో ఉన్న తప్పు దిష్టి అయిపోయింది, భక్తి చాలకపోవడం అయిపోయింది. తప్పు చేసినవాడు ఏసీ గదిలో కూర్చుంటే, డబ్బు పెట్టి కొన్నవాడు మోకాళ్ళ మీద కూర్చుని తననే నిందించుకుంటున్నాడు. ఆ దారి వాళ్ళకు చూపించినది ఎవరు? తాళం దేవుడి ముందు ఇస్తే, బండి తప్పు కూడా దేవుడితోనే చెప్పుకోవాలని వాళ్ళు అనుకోవడంలో వింత ఏముంది?

ఆదివారమే చర్చి గేటు దగ్గర గురుస్వామిని పక్కకు పిలిచాడు.

"రేపు నంద్యాలకు బండి తీసుకురాప్పా. ఊరికే ఒకసారి చూసి పంపిస్తారు."

"రేపు యాడ కుదురుతుందన్నా? పిల్లల్ని ఎవరు దింపుతారు? ప్రార్థన అయింది గదా, ఇంక ఏం కాదులే."

నీ బండి బ్రేకు మంచిది కాదు అన్న చిన్న మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఎవరో "శాంసన్ అన్నా, ఫొటో!" అని పిలిచారు. అతను ఫొటోకు వెళ్ళి నిలబడ్డాడు. వెనక్కి తిరిగేసరికి గురుస్వామి ఆటో రోడ్డెక్కింది. హ్యాండిలు పక్కన అతని కూతురు సాత్విక కూర్చుని చెయ్యి ఊపుతోంది.

గురుస్వామి సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. శాంసన్ ధైర్యం తెచ్చుకుని అజయ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. బండ్లన్నీ వెనక్కి పిలిపిద్దాం సార్, ఇవి పిల్లలు తిరిగే బండ్లు అన్నాడు. అజయ్ కుమార్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అన్న తమ్ముడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"శాంసన్, పై నెలలో నువ్వు నా కుర్చీలో కూర్చుంటావు. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. ఇప్పుడు నోరు విప్పావనుకో, జనం నన్ను పట్టుకోరు, నా మొహం వాళ్ళకు తెలియదు. ప్రతి ఫొటోలో ఉన్నది నీ మొహం. చర్చి ముందర తాళం ఇచ్చిన చెయ్యి నీది. ముందు నీ కాలరే పట్టుకుంటారు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాడు. ఏ వైపు ఆలోచించినా గోడే అడ్డం వచ్చింది. చెబితే ఉద్యోగం పోతుంది, ఊళ్ళో తల ఎత్తుకోలేడు. చెప్పకపోతే ఎక్కడో ఒక పల్లంలో ఏదో ఒక రోజు ఏం జరుగుతుందో అతనికి తెలుసు. కంపెనీ కారులో చల్లగా కూర్చుని నంద్యాల రోడ్ల మీద వెళ్తుంటే ఎదురుగా వచ్చే ప్రతి ఆటో తను అమ్మినదే అనిపించేది. అందులో ఉన్న పిల్లలు అతన్ని గుర్తుపట్టి నమస్కారం పెడితే తల పక్కకు తిప్పుకునేవాడు. అన్నం సయించడం లేదు. ఏమైందని ప్రసన్నకుమారి అడిగితే పని ఒత్తిడి అన్నాడు. ఆ మాట ఈ రోజుల్లో మనమందరం వాడే దుప్పటి, దాని కింద ఏదైనా దాచవచ్చు.

శుక్రవారం పొద్దున జరిగింది జరిగిపోయింది. రుద్రవరం దారిలో కల్వర్టు దగ్గర మలుపులో గురుస్వామి బ్రేకు తొక్కితే బండి నిలబడలేదు. ఆటో రోడ్డు దిగి వరిమడిలో పక్కకు ఒరిగింది. మడిలో నీళ్ళూ బురదా ఉండబట్టి పిల్లలు గీతలతో బయటపడ్డారు. సాత్వికకు మాత్రం కుడిచెయ్యి విరిగింది.

వార్త విని శాంసన్ ఆసుపత్రికి పరుగెత్తాడు. గురుస్వామి తన కాలరు పట్టుకుంటాడనుకున్నాడు. పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. గురుస్వామి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ప్రార్థన చేపించినాం కాబట్టి బతికినామన్నా! లేకుంటే అందరం పోయేటోళ్ళం. ఆదివారం సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెడతాండా. నువ్వు సాక్ష్యం చెప్పాల. నువ్వు లేకుంటే ఆ బండే లేదు నాకు."

ఈ సంగతి కూడా అజయ్ కుమార్ చెవిన పడింది. "ఎవరూ పోలేదుగా? దేవుడి దయ. కూడికకు వెళ్ళు, నాలుగు మంచి మాటలు చెప్పు. వీడియో తీయించి పంపించు, పనికొస్తుంది," అన్నాడు.

ఆదివారం సాయంత్రం చర్చి నిండిపోయింది. వెళ్ళేముందు ప్రసన్నకుమారికి అంతా చెప్పేశాడు శాంసన్. ఆమె "మా బడి పిల్లలు కూడా ఆ బండ్లలోనే వస్తారండీ," అని మాత్రం అని, అతనితో పాటు బయలుదేరింది. ఆమె తిట్టి ఉంటే అతని బరువు కొంత తగ్గేది.

చర్చి ముందర ఆటోలన్నీ బారుగా ఉన్నాయి. కూడిక అవగానే పల్లెలకు జనాన్ని ఎక్కించుకుపోవడానికి వచ్చినవి. మడిలోంచి లాగిన గురుస్వామి ఆటో కూడా అందులో ఉంది. ఒక పక్క రేకు సొట్టపడింది, దండ మాత్రం మళ్ళీ కొత్తదే. రేపు పొద్దున్నే పిల్లలు దానిలోనే ఎక్కుతారు.

పాటలయ్యాక జకరయ్య పాస్టరుగారు, "మన శాంసన్ ఇప్పుడు సాక్ష్యం చెప్తాడు," అన్నారు.

సాక్ష్యం అంటే, దేవుడి ముందు నిలబడి తన బతుకులో జరిగినది నిజంగా చెప్పడం, ఆ మనుషులకు ఎంత పెద్ద మాటో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆఫీసులో అబద్ధం చెప్పవచ్చు, ఫోనులో చెప్పవచ్చు, ఫొటోలో నవ్వుతో చెప్పవచ్చు. అక్కడ నిలబడి చెప్పడం అతనివల్ల కాలేదు. ముందు వరుసలో సాత్విక మెడకు కట్టిన పట్టీలో చెయ్యి వేలాడేసుకుని, అతను ఏం చెబుతాడా అని నోరు తెరుచుకుని చూస్తోంది.

"బయట ఉన్న కొత్త మోడల్ ఆటోలు ఎవరూ ఇంటికి తోలుకుపోవద్దు," అన్నాడు శాంసన్. "వాటి బ్రేకులో తప్పుంది. ఎవరి దిష్టీ తగల్లేదు. మీ విశ్వాసం తక్కువ కాలేదు. లోపల ఒక రబ్బరు ముక్క నాసిది. మా కంపెనీకి తెలుసు. నాకు తెలుసు. గురుస్వామి రెండోసారి ప్రార్థనకు వచ్చిన రోజు కూడా నాకు తెలుసు."

వీడియో తీస్తున్నవాడు ఫోను దించేశాడు. గురుస్వామి లేచి నెమ్మదిగా ముందుకు వచ్చాడు.

"ఇన్నాళ్ళూ మేం దేవుణ్ణి అడుగుతాంటిమి గదన్నా, బండికి ఏమైంది సామీ అని," అన్నాడు. "జవాబు నీ నోట్లో పెట్టుకోని మా పక్కనే నిలబడి ఆమెన్ అంటివి."

గురుస్వామి జేబులోంచి బండి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. వెనక నుంచి ఇంకొక డ్రైవరు వచ్చి తన తాళం పెట్టాడు. తరవాత ఇంకొకడు. ఒక్కొక్కరికీ నవ్వుతూ తాళం ఇచ్చిన ఆ చేతులు నిండిపోతుంటే, ఫొటో తీసేవాడు లేడు, చప్పట్లు లేవు. ప్రసన్నకుమారి వచ్చి పక్కన నిలబడి, పట్టలేక జారిపోతున్న తాళాలను తన కొంగులో వేసుకుంది.

అప్పుడు పాస్టరుగారు లేచారు.

"నా తప్పు కూడా ఉంది," అన్నారాయన. "బ్రేకు నిలబడలేదని గురుస్వామి చెప్తే, మెకానిక్‌కు చూపించినావా అని అడగాల్సినవాణ్ణి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తి. ఇకమీదట ఈ వాకిట్లో బండికి ప్రార్థన కావాలంటే ముందు బండి విప్పి చూపించి రావాల. మనిషి చేసిన తప్పును మనిషినే నిలదీసి అడగాల. దేవుని మీదికి తోస్తే, తప్పు చేసినోడు హాయిగా నిద్రపోతాడు."

శాంసన్ ఉద్యోగం మరుసటి రోజే పోయింది. ఇల్లు, కారు, ఫోను వెనక్కి వెళ్ళాయి. కూడికలో చెప్పిన మాట ఊరూరా పాకాక బండ్లను వెనక్కి పిలిపించక కంపెనీకి గత్యంతరం లేకపోయింది. అజయ్ కుమార్ ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాడు. న్యాయం అన్ని వైపులా ఒకేసారి జరుగుతుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను.

కానీ ఆ సాయంత్రం సంగతి ఒకటి చెప్పాలి. ఆటోలన్నీ చర్చి ముందరే వదిలేసి జనమంతా రుద్రవరం దారిన నడిచి వెళ్ళారు. ముసలివాళ్ళను బస్సు ఎక్కించారు. శాంసన్ కూడా, రమ్మని ఎవరూ పిలవకపోయినా, వాళ్ళ వెనకే నడిచాడు. బస్సెక్కకుండా నాయన వెంటే వచ్చి, కొంతదూరం పోయాక నడవలేక ఆగిపోయిన సాత్వికను ఎత్తుకోవడానికి చేతులు చాపాడు. ఆ పాప నాయన వైపు చూసింది. గురుస్వామి ఏమీ అనకుండా ముందుకు నడిచాడు. వద్దనలేదు. విరిగిన చెయ్యి తగలకుండా సాత్వికను భుజం మీదికి ఎత్తుకున్నాక, ఆ చిన్న బరువు కింద శాంసన్‌కు ఒకటి బాగా అర్థమైంది: ప్రమాదం ముందే తెలిసీ నోరు మెదపనివాడు బండిలో లేకపోయినా, దాన్ని గుంటలోకి నడిపినవాడు వాడే.