విప్పి చూసిన బిళ్ళగన్నేరు

గడియారాల మెకానిక్కుకు ఒక జబ్బు ఉంది. ఏ వస్తువైనా పనిచేయడం లేదని తోస్తే చాలు, విప్పి చూడనిదే ఆయనకు అన్నం సయించదు. గడియారాలైతే సరే, పాపం బిళ్ళగన్నేరు ఏం చేసింది?

నర్సరీ ఆవిడ అమ్మేటప్పుడే చెప్పింది. "ఎండలో పెట్టండి, మన్ను ఆరాకే నీళ్ళు పోయండి. ఏళ్ళ తరబడి పూస్తూనే ఉంటుంది."

ఈయన బాల్కనీలో ఎండ బాగా పడే మూల చూసి మూడు కుండీలు పెట్టాడు. అక్కడిదాకా బుద్ధిమంతుడే. వారం తిరిగినా మొగ్గ కనబడకపోయేసరికి చెయ్యి దురద పెట్టింది. కంటికి భూతద్దం తగిలించుకుని, మొక్కను వేళ్ళతో సహా పెకలించి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నాటాడు. ఆపైన ప్రతి ఆదివారం మూడు మొక్కలకూ అదే సేవ.

"లోపలంతా బాగానే ఉంది. ఎందుకు పూయట్లేదో అర్థం కావట్లేదు," అన్నాడు భార్యతో.

"వారానికోసారి మిమ్మల్ని మంచంలోంచి లాగి అరికాళ్ళు తిప్పి చూస్తే మీరు పూస్తారా?" అందావిడ. "వచ్చే నెలాఖరుకి ఒక్క పువ్వైనా కనబడకపోతే కుండీలు తీసేసి అక్కడ బట్టలు ఆరేసుకుంటా."

ఆయన గుండెల్లో రాయి పడింది. ఆ మొక్కలంటే ఆయనకు నిజంగానే ప్రాణం. ఆ కంగారులో ఆదివారం దాకా ఆగకుండా బుధవారమే మూడో కుండీ మీదికి వంగాడు. నడుం పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోతే, భార్యా, ఎదురింటి దర్జీ కలిసి కుర్చీని మోసినట్టు మోసుకెళ్ళి మంచం మీద పడేశారు. డాక్టరు నాలుగు వారాలు దిగొద్దన్నాడు.

కదిలించే నాథుడు లేక మొక్కలు కుదురుకున్నాయి. మన్ను ఆరినప్పుడు భార్య చెంబెడు నీళ్ళు పోసింది, అంతే. నాలుగో వారం కిటికీలోంచి చూస్తే మూడు కుండీలూ గులాబిరంగు పూలతో కళకళలాడుతున్నాయి. ఆయనకు కన్నీళ్ళు ఆగలేదు.

మర్నాడు డాక్టరు వచ్చి నడుం నొక్కి చూశాడు. "తగ్గిపోయింది. రేపట్నుంచి లేచి తిరగొచ్చు."

ఆయన పూలవైపు చూశాడు. తర్వాత తన చేతులవైపు చూసుకున్నాడు. ఈ మొక్కలు ఇంత బాగా ఎలా పనిచేస్తున్నాయో ఒక్కసారి విప్పి చూద్దామని ఆ చేతులు అప్పుడే తహతహలాడుతున్నాయి.

"లేదండి, ఇంకా నొప్పిగానే ఉంది," అన్నాడు దీనంగా. "ఇంకో నెల పడుకోబెట్టండి."